‘వస్తానన్నాడు’ అనని దేశం

ఇంగ్లండులో మాట ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి వెళ్లేసరికి కాలం మారిపోతుంది. మా ఆఫీసులో పొద్దున తొమ్మిదింటికి ఒకమ్మాయి ఫోన్ చేసి ‘ఐ విల్ బి లేట్’ అంటుంది. ఫోన్ తీసినావిడ పెట్టేసిన మరుక్షణం మా అందరితో ‘షి సెడ్ షి వుడ్ బి లేట్’ అంటుంది. ఆ పిల్ల ఇంకా బస్సులోనే ఉంది, ఆలస్యం ఇంకా కాలేదు. మాట మాత్రం అప్పుడే వెనక్కి జరిగి కూర్చుంది. ఎవరూ నేర్పకుండానే ఇక్కడి నాలుగేళ్ల పిల్లలు కూడా ఇలా మాట్లాడుతుంటే నాకు ఎప్పటికప్పుడు ముచ్చటేస్తుంది.

మీరంతా ఇది పదో తరగతిలో చదివినదే. డైరెక్ట్ స్పీచ్, ఇండైరెక్ట్ స్పీచ్. విల్ ఉంటే వుడ్, కెన్ ఉంటే కుడ్, మే ఉంటే మైట్. ఎందుకలా అని మనం అడగలేదు, మార్కులు వచ్చాయి, వదిలేశాం. ఇక్కడికొచ్చి ఈ దేశం చరిత్ర చదువుతుంటే దాని వెనక చాలా కథ కనిపించింది.

వుడ్, కుడ్, షుడ్, మైట్ అన్నవి వేరే మాటలేం కావు. విల్, కెన్, షల్, మే అన్నవాటికి ఒకప్పటి భూతకాల రూపాలవి. అందుకే ముందున్న ‘సెడ్’ భూతకాలంలో ఉంటే వెనకొచ్చేది కూడా దానితో పాటు అడుగు వెనక్కి వేస్తుంది. ‘మస్ట్’ మాత్రం కదలదు. ‘ఐ మస్ట్ గో’ అన్నవాడి గురించి చెప్పినా ‘హి సెడ్ హి మస్ట్ గో’ అనొచ్చు. ఎందుకంటే అది పుట్టుకతోనే భూతకాలం. దాని వర్తమాన రూపం ఎప్పుడో వాడుకలోంచి పోయింది, ఇక వెనక్కి వెళ్లడానికి చోటు లేదు. కుడ్ స్పెల్లింగులో పలకని ‘ఎల్’ సంగతి మరీ వింత. విల్‌లో, షల్‌లో ఎల్ ఉంది కాబట్టి వుడ్‌కీ, షుడ్‌కీ అది వారసత్వం. కెన్‌లో ఎల్ ఎక్కడుంది? పక్కవాళ్లను చూసి రాసేవాళ్లు దీనికీ ఒకటి తగిలించారు, అంతే. వందల ఏళ్లుగా బడి పిల్లలు దాన్ని రాస్తూనే ఉన్నారు.

మనకి ఈ వెనకడుగు అక్కర్లేదు. అమ్మ ఫోన్లో ‘మీ బాబాయి సంక్రాంతికి వస్తానన్నాడే’ అంటే, ఆ ‘వస్తాను’, బాబాయి అన్న ‘వస్తాను’ అచ్చంగా ఒకటే. బాబాయి మాట మీద నమ్మకం లేకపోతే ‘వస్తాడంట’ అంటుంది. ఆ ‘అంట’లో ఆవిడ తన పూచీ లేదంటోందని మనకి వెంటనే తెలిసిపోతుంది. మన పద్ధతి బుర్రకథ పద్ధతి. మా గుంటూరు వైపు రామాలయం ముందు పందిరి వేసి చెప్పించేవారు. కథకుడు అల్లూరి సీతారామరాజు కథ ఎత్తుకుంటే, రామరాజు మాట వచ్చినప్పుడు తనే రామరాజై ‘నేను’ అంటాడు. కలెక్టరు మాట వస్తే కలెక్టరై ‘నేను’ అంటాడు. గుమ్మెట వాయిస్తూ పక్కనున్న వంతలు ‘ఆఁ, తర్వాత ఏమన్నాడూ?’ అని అందిస్తారు. ఒకాయన రాజకీయం చెబుతాడు, ఒకాయన హాస్యం. తెల్లారగట్ల చలికి తాతయ్య కండువాలో ముడుచుకుని పడుకున్నా, తంబుర మోత, అందె చప్పుడు చెవిలో పడుతూనే ఉండేవి. నిద్రలో కూడా ఎవరు మాట్లాడుతున్నారో గొంతుని బట్టి తెలిసేది. ఇక్కడ అది దొరకదు. ఇక్కడ కథ చెప్పేవాడు తను తనుగానే ఉంటాడు. రామరాజు ఏమన్నాడో పక్కన నిలబడి చెబుతాడు.

ఇలా పక్కన నిలబడి చెప్పడం కోసం ఈ దేశంలో మనుషులు జైలుకెళ్లారంటే నమ్ముతారా?

పార్లమెంటులో ఎవరేమన్నారో బయట అచ్చువేయడం ఒకప్పుడు నేరం. 1738లో కామన్స్ సభ అది సభాహక్కుల ఉల్లంఘన అని తీర్మానించింది. దాంతో ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ వాళ్లు గలివర్ కథలోని లిల్లిపుట్ దేశాన్ని అరువు తెచ్చుకుని, అక్కడి సభలో జరిగిన చర్చలంటూ వేశారు. ప్రధాని వాల్‌పోల్ పేరు అందులో ‘వాలెలాప్’ అయింది. కొన్నేళ్లపాటు ఆ చర్చలు రాసింది తర్వాత నిఘంటువుతో పేరుపొందిన శామ్యూల్ జాన్సన్. సభ గ్యాలరీ మెట్లు ఎక్కడం దాదాపు లేకుండానే, ఎవరో తెచ్చిచ్చిన ముక్కల ఆధారంగా మహామహుల ఉపన్యాసాలన్నీ ఆయన ఇంట్లో కూర్చుని రాశాడు. 1771లో లండన్ ప్రింటర్లు అసలు పేర్లతోనే వేయసాగారు. వాళ్లను పట్టుకోవాలని సభ మనుషుల్ని పంపితే, లండన్ మేయర్ బ్రాస్ క్రాస్‌బీ ప్రింటర్ల పక్షాన నిలబడ్డాడు. ఆయన్ని టవర్ ఆఫ్ లండన్‌లో పెట్టారు. జనం వీధుల్లోకి వచ్చారు. మేయర్ బయటికొచ్చాడు, ప్రింటర్ల జోలికి మళ్లీ ఎవరూ గట్టిగా వెళ్లలేదు. ఆ మేయరంటే నాకు చాలా గౌరవం. మంత్రి ఏమన్నాడో ఊరికి తెలియాలన్న చిన్న కోరిక కోసం ఆయన ఆ కోటలో ఉన్నాడు.

తర్వాత విలియం కాబెట్ 1803లో చర్చల్ని పుస్తకాలుగా వేయడం మొదలుపెట్టాడు. అవి హాన్సర్డ్ అనే ప్రింటర్ చేతికి వచ్చాయి, ఆ పేరే స్థిరపడింది. మన శాసనసభల కార్యకలాపాల నివేదికలకీ దూరపు తాతగారు ఈ హాన్సర్డే. అప్పట్లో సొంత విలేకరులు లేరు, పత్రికల్లో వచ్చినదాన్నే కూర్చేవారు. చార్లెస్ డికెన్స్ కుర్రతనంలో షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని, పాత కామన్స్ సభ గ్యాలరీ వెనక బల్లమీద, మోకాళ్లమీద కాగితం పెట్టుకుని రాసిన విలేకరుల్లో ఒకడు.

ఆ పాత సంపుటాలు తెరిస్తే వరసగా వుడ్‌లే. పెద్ద నాయకుల ఉపన్యాసమైతే కొంత ‘నేను’తో ఉంటుంది. మామూలు సభ్యుడైతే ‘ఫలానా వారు తాము ఇలా చేయగలమని అన్నారు’ అన్న ధోరణిలో కుదించేసి ఉంటుంది. ఇక్కడే నాకు గుండెల్లో కొంచెం గుచ్చుకుంటుంది. ‘ఐ విల్ సపోర్ట్’ అంటే ‘బలపరుస్తాను’ అని మాటివ్వడం. ‘ఐ వుడ్ సపోర్ట్’ అంటే ‘ఏదో జరిగితే బలపరుస్తాను’ అని మెలిక పెట్టడం. రెండింటినీ ఇంకొకరు చెబితే వచ్చేది ఒక్కటే, ‘హి సెడ్ హి వుడ్ సపోర్ట్’. మాటిచ్చినవాడూ, మెలిక పెట్టినవాడూ ఒకే గాటన కలిసిపోయారు. ‘మే’కీ ‘మైట్’కీ కూడా ఇదే గతి. ఆనాటి కాగితం చూసి ఆ మనిషి నిజంగా ఒట్టు వేశాడా లేదా అని తేల్చాలంటే చాలాచోట్ల దారి లేదు. ఇండియా పద్దులు కామన్స్‌లో సమావేశాల చివర, ఖాళీ బెంచీల మధ్య చర్చకు వచ్చేవి. మన కరువుల మీద, మన కాలవల మీద ఎవరో ఇచ్చిన హామీలు కూడా ఇలాంటి వాక్యాల్లోనే నిలిచి ఉంటాయని తలుచుకుంటే దిగులేస్తుంది.

1909లో సభ సొంత విలేకరుల్ని పెట్టుకుంది. ఉత్తమ పురుషలో రాయాలి, సభ్యులందరికీ ఒకే పద్ధతి. తడబాట్లు, పునరుక్తులు సవరించవచ్చు, అర్థం మార్చకూడదు. అప్పటినుంచి ఎవరి ‘విల్’ వాళ్ల పేరు కిందే ఉంది. తెలిసో తెలియకో ఇంగ్లీషువాళ్లు ఆ ఒక్కచోట మా అమ్మ పద్ధతికి వచ్చారు.

కానీ కింది స్థాయిలో, ఊరి కౌన్సిళ్లలో, మినిట్స్ ఇప్పటికీ పాత తీరునే రాస్తారు. మా ఊరి లైబ్రరీలో ఆ ఫైలు అందరికీ అందుబాటులో ఉంటుంది. సమావేశం మొదలవగానే కిందటిసారి మినిట్స్ ఆమోదిస్తారు. తర్వాత వాటిలోంచి తలెత్తే విషయాలు అడగవచ్చు. ఒకసారి నేనూ వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను. ఒక పెద్దావిడ లేచి, కిందటిసారి కాగితంలో వాక్యం మీద వేలు పెట్టి, కాలవ గట్టు దగ్గర దీపం ‘వుడ్ బి రిపేర్డ్’ అని ఉందే, చేశారా అని అడిగింది. అధికారి లేదన్నాడు. ఎప్పటికి అని ఆవిడ అడిగితే, వచ్చే నెలాఖరుకన్నాడు. గుమాస్తా అది కూడా రాసుకున్నాడు, మళ్లీ వుడ్‌తోనే. తారీఖు కూడా వేయమని ఆవిడ పట్టుబట్టి వేయించింది.