కైఫీయతు

ఊరి చరిత్ర వెతికేవారు నగరాల్లో పాత డైరెక్టరీలు, గైడు పుస్తకాలు తిరగేస్తారు. అలాంటివి లేని తెలుగు పల్లెలకు ఆ లోటు తీర్చేవి కైఫీయతులు.

అరబ్బీలో ‘కైఫ’ అంటే ‘ఎలా’. అందులోంచి పుట్టిన ‘కైఫియ్యత్’కు తీరు, స్థితి అని అర్థం. పారసీ కచేరీల మీదుగా తెలుగులోకి వచ్చేసరికి అది ‘వివరాల నివేదిక’ అయింది. మత్తుకు వాడే ‘కైపు’ కూడా ఈ కుటుంబంలోదే.

ఈ మాటకు పేరు తెచ్చినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అంతకుముందు నుంచే నేల కొలవడంతో ఆగక, ఊళ్ల కథలూ రాయించాడు. మెకంజీ సహాయకుడు కావలి బొర్రయ్య, 1803లో బొర్రయ్య చనిపోయాక అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పనికి ఆయువుపట్టు. వారి మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దండకవిలెలు (ఊరి పాత రికార్డులు) చూసి, పెద్దలను అడిగి రాసుకున్నారు.

‘కైఫీయతు మౌజే (గ్రామం) ఫలానా’ అని మొదలుపెట్టి ఊరి పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ మాన్యం ఎవరికి దక్కింది అంటూ సాగుతాయివి. అన్నీ నిక్కచ్చి నిజాలు కావు. పురాణగాథ పక్కనే పన్నుల లెక్క ఉంటుంది. మాన్యం నిలుపుకోవాలనుకునే కుటుంబం తన వంశాన్ని కాస్త ఎత్తి చెప్పుకోవడమూ సహజమే. అందుకే చరిత్రకారులు వీటిని శాసనాలతో సరిపోల్చుకుంటారు.

తర్వాత నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ వీటికి నకళ్లు రాయించాడు. కడప జిల్లా కైఫీయతులను ఆయన పేరిట ఉన్న కడప పరిశోధన కేంద్రమే సంపుటాలుగా అచ్చువేసింది.

తెలుగులో ఈ మాట చరిత్ర పుస్తకాలకే పరిమితమైంది. మరాఠీలో మాత్రం ప్రతివాది కోర్టుకిచ్చే లిఖిత జవాబు ఇప్పటికీ ‘కైఫియత్’.