ఒక్క ఊపిరితిత్తితో ముప్ఫయ్యేళ్లు

ఆపరేషనైన మనిషిని కదలనివ్వకపోవడమే ప్రేమనుకుంటాం మనం. మా కోడుమూరులోనూ అంతే. ఈ కథ విన్నాక నాకా నమ్మకం సడలింది.

1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డాక్టర్ గ్రాహం, క్యాన్సరు సోకిన ఎడమ ఊపిరితిత్తిని మొత్తం తీసేశారు. రోగి గిల్మోర్ కూడా డాక్టరే, కాన్పులు చూసేవారు. ఆపరేషనుకు ముందే శ్మశానంలో చోటు కొనుక్కున్నారట! తీరా చూస్తే మళ్లీ వృత్తి చేసుకుంటూ 1963 దాకా బతికారు. గ్రాహమే 1957లో అదే జబ్బుతో ముందు వెళ్లిపోయారు.

ఆ కాలంలో ఆపరేషనంటే వారాల తరబడి మంచమే. ఇప్పుడు చాలాచోట్ల మర్నాడే లేపి నాలుగడుగులు వేయిస్తున్నారు. పడుకునే ఉంటే ఛాతీలో కఫం చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు.

అందుకే డాక్టరు సరేనన్నాక, మీ అత్తయ్యనో పిన్నినో హంద్రి దాకా కాకపోయినా వీధి గుమ్మం దాకా నడవనివ్వండి. అనపకాయలు ఒలుస్తానంటే ఒలవనివ్వండి. ఆయాసమొస్తే ఆగుతారు. నీళ్ల బిందె మనమెత్తుదాం. పనులన్నీ లాగేసుకుంటే, ఆవిడ తన ఇంట్లోనే చుట్టమైపోతుంది.