తిరగరాసే సీడీల కాలం

తిరగరాసే సీడీ, అంటే సీడీ-ఆర్‌డబ్ల్యూ, 1997లో మార్కెట్లోకి వచ్చింది. అప్పటికి చాలామంది ఫైళ్ల నకళ్లు దాచుకునేది 1.44 మెగాబైట్ల ఫ్లాపీల్లోనే. 1994లో వచ్చిన జిప్ డిస్కులో 100 మెగాబైట్లు పట్టేవి గానీ, దాన్ని తెరవాలంటే అవతలి కంప్యూటర్‌కూ జిప్ డ్రైవ్ ఉండాలి. ఒకేసారి రాసే సీడీ-ఆర్‌లో 650 మెగాబైట్లు పట్టినా, నిండాక దాన్ని పక్కన పడేయాల్సిందే. రోజూ మారే లెక్కల ఫైళ్లకు అది గిట్టుబాటు కాదు. ఫిలిప్స్, సోనీ, రికో, హ్యూలెట్-ప్యాకార్డ్, మిత్సుబిషి కెమికల్ సంస్థలు కలిసి కొత్త డిస్కును రూపొందించింది ఈ అవసరం కోసమే.

అందులోని కిటుకంతా వెండి, ఇండియం, యాంటిమొనీ, టెల్లూరియం కలిపిన పలుచని పొరలో ఉంది. లేజర్ గట్టిగా తాకిన చుక్క కరిగి, వెంటనే చల్లారి స్ఫటికరూపం కోల్పోతుంది. అక్కడ మెరుపు తగ్గుతుంది. తక్కువ శక్తితో, సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే మళ్లీ స్ఫటికంగా మారి, పాత రాత చెరిగిపోతుంది. ఇలా దాదాపు వెయ్యిసార్లు చేయవచ్చని అంచనా. మామూలు సీడీ తన మీద పడిన వెలుగులో కనీసం 70 శాతం వెనక్కి పంపితే, ఇది పంపేది 15 నుంచి 25 శాతమే. అందుకే పాత డ్రైవ్‌లు చాలావరకు దీన్ని చదవలేకపోయాయి.

వాడకంలో రెండు పద్ధతులు నిలిచాయి. మొదటిది, డిస్కంతా చెరిపి కొత్త నకలు ఒక్కసారిగా రాయడం. తొలినాటి 2ఎక్స్ వేగంలో నిండు డిస్కుకు సుమారు 37 నిమిషాలు పట్టేది. మధ్యలో డేటా అందక రాత తెగితే సీడీ-ఆర్ పాడైపోయేది. ఇదైతే చెరిపి మళ్లీ మొదలుపెట్టవచ్చు. రెండోది, డైరెక్ట్‌సీడీ, ఇన్‌సీడీ లాంటి ప్రోగ్రాములతో ఫ్లాపీలాగే ఫైళ్లను లాగి వేయడం. ఇందుకు ముందుగా ఫార్మాట్ చేయాలి, చోటు సుమారు 530 మెగాబైట్లకు తగ్గేది, పైగా మరో కంప్యూటర్‌లో తెరవాలంటే యూడీఎఫ్ అనే ఆ ఫైల్ పద్ధతిని చదివే సాఫ్ట్‌వేర్ కావాలి. రాస్తుండగా కరెంటు పోతే డిస్కు మొత్తం చదవడానికి రాకుండా పోయే ప్రమాదమూ ఉండేది.

అసలు ముప్పు మాత్రం చెరిపే సౌకర్యంలోనే ఉంది. ఉన్న ఒక్క డిస్కునూ చెరిపి రాస్తున్నంత సేపూ బ్యాకప్ అన్నదే ఉండదు. సరిగ్గా అప్పుడే హార్డ్ డిస్క్ చెడితే రెండూ పోయినట్టే. అందుకే జాగ్రత్తపరులు రెండు మూడు డిస్కులను వంతులవారీగా వాడి, రాసిన ప్రతిసారీ అసలుతో పోల్చి చూసుకునేవారు. శాశ్వతంగా దాచాల్సినవాటికి తిరగరాసే డిస్కులు తగవని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003 నాటి మార్గదర్శిలో పేర్కొంది.

సీడీల తర్వాత డీవీడీల్లోనూ తిరగరాసే రకాలు వచ్చాయి. వాటిలో బ్యాకప్‌కు అన్నిటికన్నా తగినది డీవీడీ-ర్యామ్: లక్షసార్లు తిరగరాయవచ్చు, చెడిన చోటును డ్రైవే తప్పించుకుంటుంది. కానీ దాన్ని చదవగల డ్రైవ్‌లు తక్కువ కావడంతో 4.7 గిగాబైట్ల డీవీడీ-ఆర్‌డబ్ల్యూ, డీవీడీ+ఆర్‌డబ్ల్యూలదే పైచేయి అయింది. 2000లో అమ్మకానికొచ్చిన పెన్ డ్రైవ్‌లు, ఆ తర్వాత చవకైన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు వీటన్నిటి స్థానాన్నీ ఆక్రమించాయి. 2010ల నాటికి చాలా ల్యాప్‌టాప్‌లు డిస్కు డ్రైవ్ లేకుండానే తయారవుతున్నాయి.