కొత్త ఆటోమేటిక్ కారు: మొదటి 600 మైళ్ళు

అమెరికాలో కొత్త కారు కొనగానే మనవాళ్ళు చేసే మొదటి పని వాహనపూజ. ఎడిసన్‌లో కొన్నవారు ఆ వీకెండే పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి బయలుదేరతారు. వెళ్ళడానికే 300 మైళ్ళకు పైన, దాదాపు అంతా హైవే. క్రూయిజ్ కంట్రోల్ పెట్టి 70 మీద వదిలేస్తే మనకు హాయిగానే ఉంటుంది. కొత్త ఇంజనుకు పనికిరానిది మాత్రం అదే.

ఇండియాలో స్కూటర్ కొన్న రోజుల్లో ‘రన్నింగ్-ఇన్’ అన్న మాట వినే ఉంటారు. మొదటి సర్వీసింగ్ అయ్యేదాకా 40 దాటనిచ్చేవారు కాదు. ఇప్పటి కార్లకు అంత మడి కట్టుకోనక్కర్లేదు. అయినా టొయోటా, హోండా మాన్యువల్స్‌లో ఆ పేజీ ఇంకా ఉంది. మొదటి 200 మైళ్ళు సడన్ బ్రేకులు వద్దు, మొదటి 600 మైళ్ళు యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కవద్దు అని రెండూ చెబుతాయి. చాలాసేపు ఒకే వేగంతో నడపవద్దని టొయోటా ప్రత్యేకంగా చెబుతుంది.

ఎందుకంటే, సిలిండర్ లోపలి గోడ మీద ఫ్యాక్టరీలో కావాలనే సన్నని గీతలు పెడతారు. పిస్టన్ రింగులు ఆ గోడకు ఒరుసుకుంటూ దానికి సరిపోయేలా కుదురుకోవాలి. వేగం, లోడు మారుతూ ఉంటే అది బాగా జరుగుతుంది. సరిగా కుదరకపోతే ఇంజన్ ఆయిల్ రింగులు దాటి పైకొచ్చి కాలిపోతుంది. అప్పుడిక గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా కొని పోస్తూ ఉండాలి. టెస్లా లాంటి ఎలక్ట్రిక్ కార్లకు ఈ గొడవ లేదు. కొత్త బ్రేకులు, టైర్ల జాగ్రత్త మాత్రం వాటికీ తప్పదు.

గేర్లు మార్చుకునే కారైతే ఇంజన్ ఎంత తిరగాలన్నది మన చేతిలో ఉంటుంది. ఆటోమేటిక్‌లో అంతా కుడికాలి మీదే ఆధారం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే గేర్‌బాక్స్ తనంతట తానే కింది గేరుకు దిగి ఇంజన్‌ను 5000 ఆర్‌పీఎం దాటించగలదు. అందుకే హైవే మీదికి వెళ్ళే ర్యాంప్‌పై మొదటి నుంచే వేగం పెంచుకుంటూ రండి. (వెనక ట్రక్కు మీదికొస్తుంటే మాత్రం తొక్కండి, రింగుల సంగతి తర్వాత!) హైవే ఎక్కాక క్రూయిజ్ వదిలేసి, కుడి లేన్‌లో వేగాన్ని అప్పుడప్పుడు 55కీ 65కీ మధ్య మారుస్తూ ఉంటే చాలు.

ఎడమకాలికి ఈ కారులో పని లేదు. క్లచ్ అలవాటు కొద్దీ దాన్ని బ్రేకు మీద ఆనిస్తే కొత్త ప్యాడ్లు ఊరికే వేడెక్కుతాయి. కారు పూర్తిగా ఆగాకే రివర్స్ నుంచి డ్రైవ్‌కు మార్చండి. ఎత్తు మీద సిగ్నల్ పడితే యాక్సిలరేటర్‌తో కారును నిలబెట్టకండి, ఆ వేడి ట్రాన్స్‌మిషన్ మీద పడుతుంది.

500 మైళ్ళకే ఆయిల్ మార్పించమని స్నేహితులు సలహా ఇస్తారు. హోండా మాత్రం షెడ్యూల్ ప్రకారం వచ్చేదాకా మార్చవద్దనే అంటుంది. తమ దగ్గరే మార్పించకపోతే వారంటీ పోతుందని డీలర్ బెదిరిస్తే నమ్మకండి. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఉచితంగా చేసి ఇస్తే తప్ప అలాంటి షరతు పెట్టడానికి వీల్లేదు. బయట చేయించిన ప్రతి ఆయిల్ మార్పు రసీదూ, దాని మీద మైలేజీతో సహా, దాచుకోండి.