పాలిటెక్నిక్ నుండి ఇంజనీరింగు డిగ్రీకి – ఒక దారి చరిత్ర

మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయవలసిందని పెద్దలు మమ్ములను కోరినారు. చరిత్ర అనగానే మనకు శ్రీకాకుళం జామియా మసీదు, దానిని 1641లో కట్టించిన షేర్ మహమ్మద్ ఖాన్, చికాకోలు సర్కారు ఫౌజుదారులు జ్ఞాపకం వస్తారు. వారిని గురించి వ్రాసినవారు ఉన్నారు, ఇక ముందూ వ్రాస్తారు. ఈసారి మేము పాలకుల చరిత్ర కాక ఒక చదువు చరిత్ర వ్రాయదలచినాము. పదవ తరగతి తరువాత మూడేండ్ల డిప్లొమా చదివి, ఆ మీదట యూనివర్సిటీ ఇంజనీరింగు డిగ్రీలో నేరుగా రెండవ సంవత్సరంలో చేరే దారి ఒకటి ఉన్నది. దాని పూర్వాపరాలే ఈ వ్యాసం. ఇది వ్రాయటానికి మాకొక సొంత కారణం కూడా ఉన్నది. దానిని చివర మనవి చేసుకుంటాము.

మన ప్రాంతం 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. కాబట్టి మన ఇంజనీరింగు చదువుల మొదలు కూడా మద్రాసులోనే వెతకాలి. 1794లో అక్కడ ఎనిమిది మంది విద్యార్థులతో ఒక సర్వే బడి పెట్టినారు. అదే పెరిగి 1859 నాటికి సివిల్ ఇంజనీరింగు కాలేజీ అయినది. నేడు గిండీ కాలేజీ అని పేరు పొందినది అదే. కాలువలు, రోడ్లు, వంతెనలు కట్టే దొరతనానికి రెండు రకాల మనుషులు కావలసి వచ్చినారు. ప్లాను గీసి లెక్క కట్టే ఇంజనీరు ఒకడు, ఎండలో నిలబడి పని చేయించే ఓవర్సీరు మరొకడు. చదువులు కూడా అలాగే పై మెట్టు, క్రింది మెట్టు అని విడిపోయినవి. మన పెద్దల కాలంలో పేరు ప్రక్కన ఎల్.సి.ఇ., ఎల్.ఎం.ఇ. అని వ్రాసుకున్నవారు ఈ క్రింది మెట్టు చదువు చదివినవారే. నేటి డిప్లొమాకు అవి పాత పేర్లు.

ఇక్కడ ఉర్దూ ఉపాధ్యాయులుగా మేము ఒక మాట చెప్పక తప్పదు. 1918లో హైదరాబాదులో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో జరిగేది. అక్కడ 1929లో ఇంజనీరింగు కాలేజీ తెరిచినారు. దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినది. 1948 తరువాత అక్కడ బోధన ఇంగ్లీషులోనికి మారినది. అయినా ఉర్దూ చదివిన బుర్రకు ఇంజనీరింగు ఎక్కదు అనే మాట అబద్ధమని ఆ ఇరవై ఏండ్ల అనుభవం చెప్పకనే చెప్పుచున్నది.

కోస్తా జిల్లాలకు ఈ చదువు దగ్గరయినది 1946లో. ఆ ఏడు విశాఖపట్నం పేరుతో ఒక ఇంజనీరింగు కాలేజీ మొదలై, తరువాత కాకినాడకు తరలిపోయినది. కాకినాడలోనే ఆంధ్రా పాలిటెక్నిక్ కూడా 1946లోనే ఏర్పడినది. 1955లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విశాఖలో తన ఇంజనీరింగు కాలేజీని తెరిచినది. ఆ మీదట శ్రీకాకుళంలోను, విజయనగరంలోను ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు వచ్చినవి. శ్రీకాకుళంలో ఆడపిల్లలకు వేరుగా మహిళా పాలిటెక్నిక్ కూడా ఉన్నది. 1941లో పునాది పడిన ఓడల కర్మాగారం, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం వంటివి విశాఖలో ఉండటం వలన డిప్లొమా చేతిలో ఉన్నవానికి కడుపు నిండే ఉద్యోగం దొరకగలదనే ఆశ మన పల్లెల దాకా పాకినది.

కాని డిప్లొమా చదివినవాడు చాలాకాలం ఒక గోడ దగ్గర ఆగిపోయేవాడు. అనుభవం ఎంత ఉన్నా, నిన్నగాక మొన్న డిగ్రీతో వచ్చిన కుర్రవాడు పైఅధికారి అయ్యేవాడు. ఆ గోడ దాటటానికి ఉద్యోగస్తులకు ఉన్న పేరుపడ్డ నిచ్చెన ఏ.ఎం.ఐ.ఇ. పరీక్ష. 1920లో స్థాపించబడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఈ పరీక్షను ఎ, బి అని రెండు సెక్షన్లుగా నడిపేది. పగలు డ్యూటీ చేసి, రాత్రి లాంతరు ముందు, తరువాత కరెంటు దీపం ముందు కూర్చుని చదివి నెగ్గినవారు ఉన్నారు. మధ్యలో వదిలినవారు అంతకంటె ఎక్కువ. 2013 మే 31 తరువాత పేరు నమోదు చేసుకున్నవారికి ఆ పరీక్షను డిగ్రీతో సమానంగా చూడటం ఆగిపోయినది. కాబట్టి ఇప్పటి పిల్లలు ఆ నిచ్చెన మీద ఆశ పెట్టుకోరాదు.

ఇప్పటి దారి ఈసెట్. పాలీసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లవాడు మూడేండ్ల డిప్లొమా ముగించి ఈసెట్ వ్రాస్తాడు. మొత్తం 200 మార్కులు, మూడు గంటల సమయం. లెక్కలకు 50, ఫిజిక్సుకు 25, కెమిస్ట్రీకి 25, తాను చదివిన బ్రాంచికి 100. ర్యాంకు వస్తే బి.టెక్. రెండవ సంవత్సరంలో సీటు. తల్లిదండ్రులు ఇక్కడ ఒక లెక్క వేసుకోవాలి. ఇంటర్మీడియట్ రెండేండ్లు, బి.టెక్. నాలుగేండ్లు, వెరసి ఆరు. డిప్లొమా మూడేండ్లు, బి.టెక్. మూడేండ్లు, ఇదీ ఆరే. ఒక్క ఏడు కూడా నష్టం లేదు. పైగా సగం దారిలో ఇంటికి కష్టం వచ్చి చదువు ఆగినా, ఇంటర్ వానికి లేని ఉద్యోగార్హత డిప్లొమా వాని చేతిలో ఉంటుంది. రోజు కూలి మీద, చిన్న దుకాణం మీద బ్రతికే ఇండ్లకు ఇది చిన్న విషయం కాదు.

చదువుకోటానికి దూరం కూడా పోనక్కరలేదు. విజయనగరంలో ఎం.వి.జి.ఆర్. కాలేజీ, రాజాంలో జి.ఎం.ఆర్. కాలేజీ 1997లోను, టెక్కలిలో ఆదిత్య కాలేజీ 2001లోను వచ్చినవి. విజయనగరంలో 2007లో ఏర్పడిన జె.ఎన్.టి.యు. కాలేజీ 2022లో గురజాడ పేరిట యూనివర్సిటీ అయినది. 2007 నాటి చట్టం ప్రకారం ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బి.సి.–ఇ క్రింద 4 శాతం సీట్లు ఉన్నవి. నూర్‌బాషా సోదరులు బి.సి.–బి లోనికి వస్తారు. ఈ సర్టిఫికెట్ల కోసం కౌన్సెలింగు నాడు పరుగెత్తకుండా ముందే తీసి ఉంచుకోవాలి.

కష్టాలు లేవని మేము అనము. మన బడిలో పిల్లవాడు ముసల్లస్ అని నేర్చినది పాలిటెక్నిక్‌లో ట్రయాంగిల్ అవుతుంది. కువ్వత్ అన్నది ఫోర్స్ అవుతుంది. తెలిసిన సంగతే తెలియనట్లు కనబడి, మొదటి ఆరు నెలలు పిల్లవాడు బెదిరిపోతాడు. వానికి రానిది లెక్క కాదు, మాట. రెండవ బెడద గణితం. బి.టెక్. మొదటి సంవత్సరం లెక్కలు చదవకుండా నేరుగా రెండవ సంవత్సరంలో కూర్చున్నవాడు తోటివారిని అందుకోవాలంటే ముందే సాధన ఉండాలి.

ఇక మేము చెప్తామన్న సొంత సంగతి. చాలా ఏండ్ల క్రితం మా దగ్గర చదివిన ఒక పిల్లవాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా మంచి మార్కులతో పూర్తి చేసినాడు. మిఠాయి పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చినాడు. మేము దీవించి, ఉద్యోగం చూసుకో బేటా అన్నాము. వాడు విశాఖలో సూపర్‌వైజరుగా చేరినాడు. మొన్న వాని చెల్లెలు డిప్లొమా అయి ఈసెట్ సంగతి అడగటానికి వస్తే, వాడూ వెంట వచ్చినాడు. అంతా విని, మెల్లగా, “మాస్టర్ సాబ్, నా అప్పుడు కూడా ఈ దారి ఉండేదా ఏటి?” అని అడిగినాడు.

ఉండేది. మాకు తెలియదు, తెలుసుకోవాలని తోచలేదు, అందుకే చెప్పలేదు. వాడు మమ్ములను ఒక్క మాట అనలేదు. చెల్లెలి ఫీజు ఎంతవుతుందో కాగితం మీద వ్రాసుకుని వెళ్ళిపోయినాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

అందుచేత సంఘం పెద్దలకు మా మనవి రెండే. పదవ తరగతి పరీక్షలు అయిన వారంలోనే మన పిల్లలను, తల్లులను, తండ్రులను ఒకచోట కూర్చోబెట్టి ఈ రెండు పరీక్షల సంగతి చెప్పాలి. వేసవిలో నెల రోజులు లెక్కలు, ఇంగ్లీషు సాంకేతిక పదాలు నేర్పే తరగతులు పెట్టాలి. బోధించటానికి మా వంతుగా మేము సిద్ధం. దారి ఉండి కూడా తెలియక ఆగిపోయినవాడు మన సంఘంలో ఇక ఒక్కడు కూడా ఉండకూడదు.