బస్తర్‌లో పేర్లు, ఇంటిపేర్లు, వంశ చరిత్ర

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో వంశమూలాలు వెతికేవారికి పేరే మొదటి ఆధారం. గోండు తెగల్లో మర్కాం, నేతాం, కుంజాం, సోడి, మడ్కాం వంటి ఇంటిపేర్లు గోత్రాలను తెలుపుతాయి. ఒకే గోత్రం వారు అన్నదమ్ములు, వారి మధ్య పెళ్లి కుదరదు. పిల్లనిచ్చి పుచ్చుకోదగిన గోత్రాలను 'అకోమామ' అంటారు. డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938 నాటి తన గ్రంథంలో మారియా గోండుల గోత్రవ్యవస్థను వివరించాడు. సోమారు, బుధ్రు వంటి పేర్లు పుట్టిన వారాన్ని గుర్తుచేస్తాయి. వాటితో తరాలు లెక్కించలేం.

రాజవంశం సంగతి తెలుగువారికి మరీ దగ్గరిది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని సంప్రదాయం. బస్తర్ రాజు దిక్పాలదేవుని 1703 నాటి దంతెవాడ శాసనం ఈ వంశావళినే చెబుతూ, మూలాన్ని పాండవుల దాకా తీసుకుపోతుంది. ఓరుగల్లు పతనానికి 380 ఏళ్ల తర్వాతి శాసనమిది. కాకతీయుల సొంత శాసనాలు పలుచోట్ల తమను చతుర్థ కులజులుగా, దుర్జయ వంశీయులుగా చెప్పుకున్నాయి. కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం తప్పనిసరి.

ఇంటిపేరు మారిన ఉదంతమూ ఈ వంశంలోనే ఉంది. కాకతీయ వంశపు రాణి ప్రఫుల్ల కుమారీదేవి మయూర్‌భంజ్ రాజకుటుంబీకుడు ప్రఫుల్ల చంద్ర భంజ్‌దేవ్‌ను పెళ్లాడింది. వారి కుమారుడు, 1966లో జగదల్‌పూర్‌లో పోలీసు కాల్పుల్లో మరణించిన ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్‌కు రాజ్యం తల్లి నుంచి, ఇంటిపేరు తండ్రి నుంచి దక్కాయి.