హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు

హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 20వ శతాబ్దం మధ్యకాలంలో భారతదేశంలోకెల్లా మేటి జట్లలో ఒకటిగా పేరొందినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడిన కొన్నేళ్ళకు ఇది ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా వ్యవహరింపబడింది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. ఈ ఘనత మరే జట్టుకూ దక్కలేదు. జట్టు సభ్యులు పోలీసు శాఖలో ఉద్యోగులు. ఆట వారికి వృత్తి కాదు. ఉద్యోగపు జీతమే వారి జీవనాధారం.

నేపథ్యం

నిజాం పాలన కాలంలో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో ఫుట్‌బాల్ విస్తృత ప్రజాదరణ పొందింది. సికింద్రాబాదులోని బ్రిటిషు సైనిక పటాలాల మూలంగా ఈ ఆట ఇక్కడ వేళ్ళూనుకొన్నది. 1943లో బెంగళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్పు పోటీలో పోలీసు జట్టు రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించడంతో దీని పేరు దక్షిణ భారతమంతటా వినిపించింది.

రహీం శిక్షణ

జట్టు విజయాలకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం (1909 - 1963). ఇతడు వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పనిచేశాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా బాధ్యతలు చేపట్టి మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు. 1950 నుండి పోలీసు జట్టుకు శిక్షకుడుగా వ్యవహరించాడు.

రహీం పద్ధతులు బడిపంతులు పాఠం చెప్పే తీరును తలపిస్తాయి. బంతిని ఎక్కువసేపు కాళ్ళ వద్ద ఉంచుకొనకుండా వెంటనే సహచరుడికి అందించడం నేర్పేందుకు డ్రిబ్లింగు నిషిద్ధమైన పోటీలు నిర్వహించాడు. కుడికాలి వాటం గలవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం గలవారు కుడికాలితోను మాత్రమే ఆడవలసిన పోటీలు కూడా పెట్టాడు. ఖర్చు లేని ఈ అభ్యాసాల వలన రెండు కాళ్ళతోను సమానంగా ఆడగల క్రీడాకారులు తయారయ్యారు.

విజయాలు

రోవర్స్ కప్పు బొంబాయిలోను, డ్యూరాండ్ కప్పు ఢిల్లీలోను జరిగేవి. పోలీసు జట్టు 1950లో మోహన్ బగాన్ పై గెలిచి తొలిసారి డ్యూరాండ్ కప్పు సాధించింది. ఆ తరువాత 1954, 1957 సంవత్సరాలలోను, ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరిట 1961లోను ఆ కప్పు గెలిచింది. 1952, 1956, 1963లలో ఫైనలులో ఓడిపోయింది. రోవర్స్ కప్పును 1957లో మళ్ళీ కైవసం చేసుకొన్నది. ఈ జట్టు ఆటగాళ్ళు వెన్నెముకగా ఉన్న హైదరాబాదు జట్టు 1956-57, 1957-58లలో వరుసగా రెండు సార్లు బొంబాయిని ఓడించి సంతోష్ ట్రోఫీ సాధించింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ కూ అదే ట్రోఫీ దక్కింది.

భారత జట్టులో

సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ 1951 ఆసియా క్రీడలలో స్వర్ణపతకం గెలిచిన భారత జట్టులో సభ్యులు. వీరిద్దరూ 1952 హెల్సింకి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ లో పాల్గొన్నారు. హెల్సింకిలో భారతీయులు ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడి యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయారు. నాలుగేళ్ళ తరువాత రహీం శిక్షణలోనే మెల్‌బోర్న్ లో ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి, సెమీఫైనలు చేరి, నాలుగో స్థానంలో నిలిచారు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1 తో గెలిచి మళ్ళీ ఆసియా స్వర్ణం సాధించిన జట్టులో హైదరాబాదుకు చెందిన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు.

మైదానాలు

నగరంలో ఫుట్‌బాల్ పోటీలకు ఫతే మైదానం, సికింద్రాబాదులోని జింఖానా మైదానం ముఖ్య వేదికలు. 1687లో గోల్కొండ ముట్టడి సమయంలో మొఘలు సైన్యం విడిది చేసిన ఖాళీ స్థలమే విజయానంతరం ఫతే మైదానంగా పేరుపొందిందని చెబుతారు. అసఫ్‌జాహీల కాలంలో ఇక్కడ పోలో ఆడేవారు. 1967లో దీనికి లాల్ బహదూర్ స్టేడియం అని పేరు పెట్టారు. 2008 ఎ.ఎఫ్.సి. ఛాలెంజ్ కప్పు పోటీలు ఇక్కడ జరిగినా, వర్షాలకు మైదానం పాడవడంతో ఫైనలును ఢిల్లీకి తరలించవలసి వచ్చింది.

క్షీణత

1963 జూన్ 11న రహీం క్యాన్సరుతో మరణించాడు. అతని స్థానాన్ని భర్తీ చేయగల శిక్షకుడు లభించలేదు. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం 1957లోనే కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్ళాడు. తరువాతి తరాలలో షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివారు కూడా కలకత్తాలోనే పేరు గడించారు. క్రికెట్ ఆదరణ పెరగడం, బస్తీలలో ఆడుకొనే ఖాళీ స్థలాలు తగ్గిపోవడం కూడా ఆటను దెబ్బతీశాయి. పిల్లలు ఆడే చోటు లేనప్పుడు రహీం పద్ధతులు పుస్తకాలకే పరిమితమవుతాయి.

తరువాతి కాలం

2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్.సి. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. అయితే 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. శంషాబాదు విమానాశ్రయానికి వాయవ్యంగా, హిమాయత్ సాగర్ ఆవలి వైపున ఉన్న అజీజ్‌నగర్ గ్రామంలో డెక్కన్ అరేనా అనే మైదానం వెలసింది. ఇది శ్రీనిధి డెక్కన్ ఎఫ్.సి.కి సొంత మైదానం. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ గ్రూపు పోటీలు ఇక్కడ జరిగాయి. ఫైనలు గచ్చిబౌలి స్టేడియంలో జరుగగా పశ్చిమ బెంగాల్ కేరళను 1-0 తో ఓడించింది. రహీం జీవితం ఆధారంగా 2024లో మైదాన్ అనే హిందీ చలనచిత్రం విడుదలైంది.